గొంతును శుభ్రం చేసిన ఆఫీసు

మీరిప్పుడు ఫోన్లో పాట విని, కింద కనిపించే నక్షత్రాల మీద బొటనవేలితో ఒక నొక్కు నొక్కి పోతారు చూడండి, ఆ పనికి నాకు ఒకప్పుడు నెల జీతం ఇచ్చేవారు. నవ్వకండి, నిజంగానే ఇచ్చేవారు. మాదాపూర్‌లో అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. ఒక మేడ లేచిందంటే దాని పక్కన ఇంకో గుట్టను పేల్చడం మొదలుపెట్టేవారు. మధ్యాహ్నం పూట ఆ పేలుళ్లకు మా ఆఫీసు కిటికీలు గజగజ వణికేవి, మా టీ కప్పుల్లో ఎర్రమట్టి పడేది.

రేడియోలో సంగీత విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, ఆ ఫైళ్లతో విసుగెత్తి, ముందే పదవీ విరమణ తీసుకుని ఆ కంపెనీలో చేరాను. ఈ వయసులో ఆ కంప్యూటర్ పిల్లల మధ్య నీకేం పనే అని మా అక్కచెల్లెళ్లంతా బుగ్గలు నొక్కుకున్నారు. పని నాకు బాగానే తెలుసు. పాట వినడం తప్ప నాకు చేతనైంది ఇంకేమీ లేదు.

ఆ కంపెనీ చేసేది ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. ఒక విదేశీ వెబ్‌సైటు కోసం క్యాసెట్లూ సీడీలూ పెట్టెల్లో మా దగ్గరికి వచ్చేవి. మొదట మా విభాగం ఆల్బమ్ మొత్తం విని, అర పేజీ అభిప్రాయం రాసి, పదికి ఇన్ని మార్కులని వేసేది. అక్కణ్ణుంచి అది క్వాలిటీ వాళ్ల దగ్గరికి పోయేది. పాత రికార్డుల్లో ఉండే బరబరలూ, చిటపటలూ, గాలి హోరూ కంప్యూటర్‌తో తీసేసి, శుభ్రం చేసి సైటులో పెట్టేవాళ్లు. వచ్చేవన్నీ పాత సినిమా పాటలు, భజనలు, జానపదాల క్యాసెట్లు. వాటికి ఆ శుభ్రం బాగానే పనికొచ్చేది. తలుపు తీయగానే ఎదురుగా ‘దోషం సున్నా’ అని పెద్ద బ్యానర్ ఉండేది. ఆ ఏడాది మా కంపెనీకి నాణ్యతా సర్టిఫికెట్ రావాలి. పెళ్లికూతురి కోసం తిరిగినట్టు దానికోసం తిరిగేవారు మా మేనేజర్.

అలాంటి చోటికి ఒకరోజు ఒక కుర్రాడు సీడీ పట్టుకుని వచ్చాడు. అనంతపురం వైపు వాడు. అమీర్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పని. గిటార్ వాయిస్తాడు. తమదో నలుగురి బ్యాండ్ అనీ, తాము వాయించేదాన్ని మెలోడిక్ డెత్ మెటల్ అంటారనీ చెప్పాడు. ఆ పేరు వినగానే నా పక్క సీటాయన చావు మేళమా అని అడిగాడు. కుర్రాడు పాపం నవ్వి ఊరుకున్నాడు.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. ముందు ఒక గిటార్, నెమ్మదిగా. దాని మీద రెండో గిటార్ కొంచెం పై స్థాయిలో కలిసింది. రెండూ చేయీ చేయీ పట్టుకుని నడుస్తున్నాయి, బాగుందే అనుకునేలోపు డ్రమ్ములు విరుచుకుపడ్డాయి, ఆ వెనకే గొంతు వచ్చింది. అమ్మో! పాట కాదది, గర్జన. హెడ్‌ఫోన్ లాగి బల్లమీద పడేశాను. షాక్ కొట్టిందా మేడమ్ అని పక్క సీటాయన లేచొచ్చాడు.

రేడియోలో మా పెద్దాయన ఒకరు నాకు నేర్పిన మాట ఒకటుంది. నచ్చలేదని చెప్పే ముందు వాడేం చేయబోయాడో తెలుసుకో, ఆ తర్వాత చేయగలిగాడో లేదో చూడు, నీ ఇష్టాయిష్టాలు చివర్న. నాకు ఈ సంగీతంలో ఓనమాలు తెలియవు. తెలియకుండా మార్కులు వేయడం అన్యాయం. ఆ కుర్రాణ్ణి పిలిచి, ముందు నాకు నేర్పు, తర్వాత మార్కులు వేస్తానన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. ఆదివారం రమ్మన్నాడు.

నల్లగండ్ల అప్పుడు ఊరే. ఊరి చివర మూతపడ్డ కోళ్ల ఫారం ఒకటి ఈ నలుగురు కిరాయికి తీసుకుని, గోడలకు గోనెపట్టాలు కొట్టి వాయించుకునేవారు. గొంతు ఎవరిదో అక్కడ తెలిసింది. సన్నగా, తలవంచుకు మాట్లాడే మనిషి. సంగారెడ్డి వైపు నుంచి వచ్చి లింగంపల్లిలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాడు. మొదట్లో గదిలోనే సాధన చేసేవాడట. వీడికి దయ్యం పట్టిందని అద్దెకిచ్చిన ఇంటివాళ్లు సామాను బయట పెట్టేశారు. ఆ తర్వాతే ఈ కోళ్ల ఫారం.

గొంతు పాడైపోదా నాయనా అని అడిగాను.

“గొంతుతోని కాదు మేడమ్, పొట్టతోని,” అన్నాడు. “గొంతుతోని అరిస్తే రెండు దినాలల్ల దవాఖానకు పోవాలె.”

చేసి చూపించాడు. గాలిని ఎక్కణ్ణుంచి తీస్తున్నాడో, ఎక్కడ ఆపుతున్నాడో, ఎంత పొదుపుగా వదులుతున్నాడో కళ్లారా చూశాను. నాకు చిన్నప్పుడు మా గురువుగారు నాభి నుంచి తీయవే అని వీపు మీద చరిచిన చరుపులు గుర్తొచ్చాయి. ఏళ్ల తరబడి చేస్తే గానీ అలాంటి అదుపు రాదు. ఆల్బమ్‌లో చివరి పాట ఒక్కటే తెలుగు, మాదాపూర్‌లో పేలిపోతున్న గుట్టల మీద రాసుకున్నది. అందులో ఒకచోట వాయిద్యాలన్నీ ఆగిపోతాయి, ఆ గర్జన ఒక్కటే నిలబడి, నిలబడి, మెల్లగా కిందికి దిగుతుంది. ఎందుకలా అని అడిగితే, గుట్టకు నోరుంటే గిట్లనే ఉంటది గదా మేడమ్ అన్నాడు. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు?

తర్వాత వారమంతా ఆ ఆల్బమే విన్నాను. జాలిపడి మార్కులు వేసే అలవాటు నాకు లేదు. రెండో పాట నుంచి నాలుగో పాట దాకా నడక ఒకటే, ఏది ఎక్కడ ముగిసిందో తెలియదు. డ్రమ్ములు చాలాచోట్ల గిటార్లను మింగేశాయి. ఐదో పాటలో ఒక గిటార్ శ్రుతి తప్పింది, తప్పిందని తెలిసీ వదిలేశారు. ఇవన్నీ రాశాను. రెండు గిటార్లు కలిసి అల్లిన వరసలు ఎంత అందంగా ఉన్నాయో, కోపంలో కూడా దుఃఖం ఎలా వినిపిస్తుందో అదీ రాశాను. ఈ ఆల్బమ్‌కు వెన్నెముక ఆ గొంతు అని రాసి, పదికి ఏడు వేశాను. ఏడంటే ఏడే. గిటార్ కుర్రాడు ఎనిమిది వస్తుందనుకున్నానండి అని మూతి ముడిచాడు.

వాళ్లకు ఆ సైటుతో పెద్ద పనుంది. యూరప్‌లో ఇలాంటి సంగీతమే సీడీలుగా వేసే చిన్న కంపెనీ ఒకటి, పోస్టులో సీడీ వచ్చేదాకా ఆగలేం, మీ పాటలు ఎక్కడైనా సైటులో పెట్టండి, విని చెప్తామంది. ఆ ఏడాదికి వాళ్ల దగ్గర ఇంకొక్క కొత్త బ్యాండుకే చోటు మిగిలింది. ఈ నలుగురికీ అది తగిలితే సరే, లేకపోతే ఎవరి దారి వారిది. డ్రమ్ములాయనకు అప్పటికే పుణెలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. మిగతా ముగ్గురి కోసం ఆగాడు.

ఆల్బమ్ సైటులోకి ఎక్కిన కొద్దిరోజులకు గిటార్ కుర్రాడు ఆఫీసుకు వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మీరే ఒకసారి వినండి మేడమ్ అన్నాడు. విన్నాను. గిటార్లు బొంత కప్పుకుని వాయించినట్టున్నాయి. గొంతు లేదు. ఎక్కడో గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టు ఒక పలచటి చప్పుడు, అంతే. చివరి పాటలో వాయిద్యాలన్నీ ఆగాక గొంతు ఒక్కటే నిలబడే చోట ఏముందో తెలుసా? నిశ్శబ్దం. శుభ్రమైన నిశ్శబ్దం. దాని కిందే నా రాత, ఈ ఆల్బమ్‌కు వెన్నెముక ఆ గొంతు అని. ఆ కింద జనం నా చెవులకు వైద్యం చేయించమని రాసిన వెక్కిరింతలు.

అరికాలి మంట నెత్తికెక్కింది. క్వాలిటీ విభాగానికి పోయాను. ఆ ఆల్బమ్ చూసింది కరీంనగర్ ఇంజనీరు అబ్బాయి, నెమ్మదస్తుడు, పనిమంతుడు. నన్ను చూడగానే మెచ్చుకోవడానికి వచ్చాననుకుని లేచి నిలబడ్డాడు.

“గంత ఖరాబైన రికార్డింగ్ నేనెన్నడు సూడలే మేడమ్. అయినా మొత్తం సాఫ్ జేసిన,” అన్నాడు.

ఎలా చేశావని అడిగాను. ఉత్సాహంగా చెప్పాడు. ఆ కంప్యూటర్‌కు ముందు చెత్త చప్పుడు మాత్రమే ఉన్న చిన్న ముక్క ఒకటి చూపించాలి. ఇలాంటిది ఎక్కడున్నా తీసెయ్ అంటే ఆల్బమ్ అంతా వెతికి తీసేస్తుంది. పాత క్యాసెట్లలో పాట మొదలయ్యే ముందు వచ్చే హోరును అలాగే చూపిస్తారు. ఇందులో వాయిద్యాలేవీ లేకుండా ఆ బరబర ఒక్కటే ఉన్న ముక్క దొరక్క చాలా వెతికాడట. చివరి పాటలో దొరికింది. అదే చూపించాడు.

ఆల్బమ్ మొత్తంలో నా వెంట్రుకలు లేచి నిలబడిన చోటు అది. ఆ పిల్లవాణ్ణి తిట్టడానికి నోరు తెరిచి మూసేశాను. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే ఆఫీసు మాది. గొంతు స్పష్టంగా లేకపోతే దోషం, శబ్దం పగిలితే దోషం, దోషం కనబడితే ఇంకొకరిని అడక్కుండా ఆ విభాగమే సరిచేయాలి. వాడు చదివిన రూలు అది. ఆల్బమ్ ముందున్న నా అరపేజీ చదవాలని ఏ రూలూ లేదు. ఇది మనిషి గొంతురా, కావాలని అలా పాడాడురా అని చెప్తే వాడి మొహం పాలిపోయింది. అసలుది మళ్లీ ఎక్కిద్దాం మేడమ్ అని వాడే అన్నాడు. కానీ క్వాలిటీలో పాసు కానిది సైటులోకి ఎక్కాలంటే మేనేజర్ సంతకం కావాలి.

మేనేజర్‌ది భీమవరం వైపు. ఎంత కోపంగా వెళ్లినా కుర్చీ లాగి కూర్చోబెట్టే మర్యాదస్తుడు. మొత్తం విన్నారు. మీ బాధ నాకు అర్థమైందండీ అన్నారు. కానీ వచ్చే వారం ఆడిట్ అట, తనిఖీకి విదేశాల నుంచి దొరలు వస్తారట, సరిచేశామని రాసి మూసేసిన దోషాన్ని మళ్లీ తెరిస్తే సర్టిఫికెట్ పోతుందట, ఆడిట్ అయ్యాక చూద్దామట. ఈలోపు ఆ యూరప్ వాళ్లు వినేస్తారండీ, నలుగురి బతుకండీ అన్నాను.

“వాళ్లు మన కస్టమర్లు కారు కదండీ,” అన్నారాయన, ఎంతో శాంతంగా.

ఆ లెక్క చూడండి. పాట ఎవరిదైతే వాడు కస్టమర్ కాడు, కాబట్టి వాడికి ఫిర్యాదు లేదు, ఫిర్యాదు లేదు కాబట్టి తప్పు జరగలేదు. పైవాళ్లందరికీ మెయిళ్లు రాశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆడిట్ రోజు వచ్చింది. గుమ్మానికి బంతిపూలు, మెట్లమీద ముగ్గులు. నన్ను పట్టుచీర కట్టుకొచ్చి దొరలకు బొట్టు పెట్టమన్నారు. నేనిక్కడ చేరింది పాటలు వినడానికి, పేరంటానికి కాదని చెప్పి మామూలు నేత చీరలోనే పోయాను. అప్పుడు వచ్చారు గిటార్ కుర్రాడూ, ఆ గొంతు మనిషీ. యూరప్ నుంచి జవాబొచ్చిందట. కాగితం నా చేతికిచ్చాడు గిటార్ కుర్రాడు. వరసలు మాకు బాగా నచ్చాయి, కానీ పాడేవాడు ఎక్కడో వెనక గొణుగుతున్నాడు, ఇతనికి ఈ పాట చేతకాదు, మంచి గాయకుణ్ణి వెతుక్కుని మళ్లీ రాయండి అని ఉంది. చదివి తలెత్తితే ఆ గాయకుడు నా ఎదురుగానే ఉన్నాడు. గోడమీది క్యాలెండర్ వైపు చూస్తున్నాడు.

నేను ఏదో అనబోతుండగా మీటింగ్ హాల్లోంచి ఒక చప్పుడు వచ్చింది. ఆ గర్జన. చివరి పాటలో, ఒక్కటే నిలబడేది. లోపల అందరూ పెద్దగా నవ్వారు.

“గది నా గొంతు గదా మేడమ్?” అన్నాడు అతను.

తర్వాత చప్పుడేమీ లేదు. ఒక్క క్షణం ఆగి, చప్పట్లు. మా మేనేజర్ వాళ్లకు చూపిస్తున్నారు, శుభ్రం చేయకముందు ఇలా, చేశాక ఇలా అని. మా కంపెనీ పనితనానికి అంతకంటే మంచి నమూనా ఆయనకు దొరకలేదు.

నేను తలుపు తోసుకుని లోపలికి పోయాను. నాకు వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను. ఇది పాడైపోయిన రికార్డింగ్ కాదు, ఒక ఆల్బమ్, దాన్ని విని మార్కులు వేసింది నేను. మీరు నవ్విన చప్పుడు ఒక మనిషి ఏళ్ల సాధన, ఆ మనిషి ఈ తలుపు అవతలే నిలబడి మీ నవ్వు విన్నాడు అన్నాను. ఆడిట్‌కు వచ్చినవాళ్లలో పెద్దాయన మేనేజర్ వైపు తిరిగాడు. ఇది అభిరుచుల తేడా అండీ అని మేనేజర్ చెప్పారు. కరీంనగర్ అబ్బాయి అక్కడే ఉన్నాడు. నావైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఇంటి దగ్గర వాడి జీతం మీద ఎందరు బతుకుతున్నారో నాకు తెలుసు. తెలిసినా ఆ క్షణాన వాడి మీద కూడా ఒళ్లు మండింది.

ఆ పెద్దాయన తన రిపోర్టులో తప్పు ఒకటి రాసుకున్నాడు. సాయంత్రం అది మాకందరికీ చదివి వినిపించారు. పాటలు వినే విభాగం ఉద్యోగి ఒకరు అనుమతి లేకుండా మీటింగ్‌లోకి వచ్చారట. అంతా వెతికి వెతికి వాళ్లు పట్టుకున్న దోషం నేనొక్కదాన్నే.

అదటుంచండి. హాల్లోంచి నా వెనకే బయటికి వచ్చిన మేనేజర్ ఆ యూరప్ కాగితం తీసుకుని చదివి, ఆ ఇద్దరితో చాలా మర్యాదగా మాట్లాడారు. మీకు మంచే జరిగింది కదండీ, వరసలు నచ్చాయంటున్నారు, ఇంకో సింగర్‌ని పెట్టుకోండి, నష్టమేముంది అన్నారు. ఆయన నిజంగానే మేలు చెప్తున్నాననుకున్నారు. అదే నాకు మరీ అసహ్యమనిపించింది.

గిటార్ కుర్రాడు మా ఆల్బమ్ మీ సైటులోంచి తీసెయ్యండి అన్నాడు. తీసేస్తే ఆ యూరప్ వాళ్లు కూడా పోతారు కదండీ అని మేనేజర్. పోనీండి అని వీడు. అప్పుడు ఆ గొంతు మనిషి స్నేహితుడి చెయ్యి పట్టుకున్నాడు.

“నా కోసం ఆపకురా. ఇంకొకన్ని పెట్టుకోండ్రి. జర ఆలోచించు,” అన్నాడు.

“నువ్వు లేకుండా అది మన పాటెట్లయితాది? నోర్మూసుకో,” అన్నాడు గిటార్ కుర్రాడు. కళ్లు తుడుచుకోలేదు, అలాగే నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే తీసేశారు. అన్ని రోజులూ కుదరదన్న సంతకం ఎంత సులువుగా పడిందో! అసలు సీడీని నేనే యూరప్‌కు పంపాను, జరిగిందంతా రాసి. చాలా రోజులకు జవాబొచ్చింది. విన్నారట, ఆ గొంతు అద్భుతమట, క్షమించమన్నారు, కానీ ఆ ఏడాది చోటు నిండిపోయిందట. ఆ జవాబు పట్టుకుని లింగంపల్లి ల్యాబుకు పరుగెత్తాను. అతను చదివాడు, మడిచి నా చేతికిచ్చాడు, మంచిగ రాసిండ్రు మేడమ్ అన్నాడు. పాడుతున్నావా అంటే లేదన్నాడు. అది యంత్రం చేసిన తప్పని అతనికి తెలుసు. చేతకాదన్న ఆ మాట మాత్రం లోపల నాటుకుపోయింది, దాన్ని పీకడం నా వల్ల కాలేదు, స్నేహితుడి వల్లా కాలేదు. నోరు తెరిస్తే ఆ నవ్వే వినిపిస్తున్నదన్నాడు. డ్రమ్ములాయన పుణె వెళ్లిపోయాడు. కోళ్ల ఫారం తాళం ఓనరుకు ఇచ్చేశారు.

నేను ఆ కంపెనీ మానేశాను. అందులో గొప్పేమీ లేదు, ఉంచుకునేవాళ్లూ కాదు. పిల్లలకు సంగీతం చెప్పుకుంటూ బతికాను. మీరు ఉద్యోగాల్లో చేరుతున్నారు కాబట్టి ఒక్కటి చెప్తాను. మీ ఆఫీసులో ఏదైనా చెత్త అని పక్కన పెట్టే ముందు, అది ఎవరిదో వాడిని ఒక్కసారి పిలిచి అడగండి. అడిగితే పోయేదేమీ లేదు.

ఏడాది దాటాక మెహదీపట్నం బస్టాపులో కరీంనగర్ అబ్బాయి కనిపించాడు. ఆ రోజు మాట్లాడనందుకు తలెత్తలేకపోయాడు. నేనే పలకరించాను. సర్టిఫికెట్ వచ్చిందట, కంపెనీ రెండు అంతస్తులు అయిందట. విదేశాల నుంచి ఎవరొచ్చినా ముందు హాల్లో కూర్చోబెట్టి ఇప్పటికీ అదే వినిపిస్తున్నారట, ఆ గర్జన ఒకసారి, దాని తర్వాత ఆ నిశ్శబ్దం. ఎంతమంది విన్నారని అడిగాను. లెక్కలేదు మేడమ్, వారానికొక బృందం వస్తది అన్నాడు. ఆ రోజుల్లో ఈ నగరంలో పాడే ఏ గాయకుడి గొంతునూ అన్ని దేశాలవాళ్లు విని ఉండరు. అది ఎవరి గొంతని ఎవరైనా అడిగారా అన్నాను. ఎవ్వరు అడగలే మేడమ్ అన్నాడు.